కడిగిన కాళ్ళు

మారల్ సైన్స్ పీరియడ్ అంటే బళ్ళో అందరికీ లోకువే. లెక్కల టీచరుకు పాఠాలు మిగిలిపోతే మా పీరియడ్ అడుగుతుంది. స్పోర్ట్స్ డే డ్రిల్లు ప్రాక్టీసుకు మా పీరియడ్ లాక్కుంటారు. డాక్టరు వచ్చి పిల్లల పళ్ళు చూడాలన్నా మా పీరియడే. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ దీని గురించి సణుగుతూనే ఉన్నాను. ఇప్పుడు అదే పీరియడ్ చెప్పడానికి కొత్తగా చేరే అమ్మాయిలు మా ఇంటికి వచ్చి, "ఏం చెప్పాలి మేడమ్, ఎలా చెప్పాలి" అని అడుగుతున్నారు. నోటితో చెబితే వాళ్ళు సగం మర్చిపోతారు, నేను ఉన్నదానికి సగం కలిపి చెబుతాను. అందుకని రాసి పెడుతున్నాను.

మేము పాత ఉత్తర చెన్నైలో పప్పుల హోల్‌సేల్ వ్యాపారం చేసుకునే తెలుగువాళ్ళం. మా ఇళ్ళల్లో ఆడపిల్ల ఉద్యోగానికి పోవడమే వింత, అందులోనూ సిస్టర్ల బడికి. "తెలుగు చెప్పను పోతా ఉండావా, వాళ్ళ పాటలు నేర్చుకోను పోతా ఉండావా?" అని మా నాయన ఆటపట్టించేవాడు. నేను చేరింది తెలుగు చెప్పడానికే. తెలుగు తీసుకునే పిల్లలు తక్కువ కాబట్టి నా ఖాళీ గంటలకి మారల్ సైన్స్ అంటగట్టారు. పాటలూ నేర్చుకున్నాను, ఆ సంగతి నాయనకి చెప్పలేదు.

గంట కొడితే రెండు గదులు

కాథలిక్ బళ్ళలో ఒక పద్ధతి ఉంటుంది, బయటివాళ్ళకి తెలియదు. వారంలో ఆ గంట మోగగానే క్లాసు రెండుగా చీలుతుంది. కాథలిక్ పిల్లలు పుస్తకాలు సర్దుకుని సత్యోపదేశం క్లాసుకు, అంటే వాళ్ళ మత బోధన క్లాసుకు, వరండా అవతలి గదికి పోతారు. మిగిలినవాళ్ళు కూర్చున్న చోటే ఉంటారు. వాళ్ళకి మారల్ సైన్స్. మా వైపు తెలుగు పిల్లలు, తమిళ పిల్లలు, మార్వాడీ పిల్లలు, ముస్లిం పిల్లలు అందరూ ఉండేవాళ్ళు. అవతలి గదిలో దేవుడు, ఇవతలి గదిలో నీతి. నిమిషం క్రితం ఒకే బెంచీ మీద చింతకాయ పంచుకున్న ఇద్దరు, గంట మోగగానే ఎవరి దారిన వాళ్ళు లేచేవాళ్ళు.

మా పుస్తకంలో పాఠానికొక కథ, కథ చివర ఒక నీతి. పిల్లలు దాన్ని బట్టీ కొట్టి అప్పజెప్పేవాళ్ళు. ఒకసారి నిజాయితీ అనే పాఠం మీద పరీక్ష పెడితే, వెనక బెంచీలన్నీ ముందు బెంచీల్లోంచి చూసి రాశాయి. తప్పులు కూడా ఒకే రకంగా వచ్చాయి. నాకు కోపం కన్నా నవ్వే ఎక్కువ వచ్చింది. కథలు చెబితే పిల్లలు మారిపోతారని నమ్మేవాళ్ళు నాకు చాలామంది తగిలారు. పిల్లలు కథని కథగానే వింటారు, బాగానే వింటారు, కానీ దాని కోసం ఇంట్లో ఒక్క చెంబు కూడా పక్కకు జరపరు.

తర్వాత్తర్వాత మమ్మల్ని సెమినార్లకి పంపడం మొదలుపెట్టారు. మనిషిని మార్చే చదువు గురించి పెద్ద పెద్ద మాటలు చెప్పేవాళ్ళు. చార్టు కాగితం మీద బాణాలు గీసేవాళ్ళు. టీచరు నుంచి విద్యార్థికి ఒక బాణం, విద్యార్థి నుంచి సమాజానికి ఒక బాణం. మధ్యాహ్నం బిర్యానీ బాగుండేది. ఆ మాటలు తప్పని నేననను. బాణం వేసినవాళ్ళు అనుకున్న చోటే పోయి తగులుతుందన్న ధీమా మాత్రం నాకు ఎప్పుడూ కలగలేదు. ఎందుకో చెప్పాలంటే సిస్టర్ ఫిలోమినా గురించి చెప్పాలి.

మా పెద్ద సిస్టర్

సిస్టర్ ఫిలోమినా మా హెడ్‌మిస్ట్రెస్. గుంటూరు వైపు పల్లెటూరి మనిషి. అరవం మాట్లాడితే పిల్లలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేవాళ్ళు. తెలుగువాళ్ళం దొరికితే ఆమెకు ప్రాణం లేచి వచ్చేది. ఆఫీసు బీరువాలో రికార్డుల వెనక గోంగూర పచ్చడి సీసా ఉండేది. మనసు బాగుంటే మధ్యాహ్నం పిలిచి ఒక చెంచా వడ్డించేది, బాగాలేకపోతే ఆ చెంచాతోనే బల్ల మీద కొట్టేది. నేను చాలామంది హెడ్‌మిస్ట్రెస్‌ల దగ్గర పనిచేశాను. తిట్టిన మాట సాయంత్రానికి వెనక్కి తీసుకున్నది ఈమె ఒక్కతే.

"ఏందమ్మా వసంతా, పుస్తకంలో ఉన్నదే చదివి చెప్పేదానికి నువ్వెందుకు? పుస్తకమే చాలదూ?" అనేది. ఒక ఏడు బడి తెరిచీ తెరవడంతోనే వారానికి ఒక పీరియడ్ రెండు గదుల్నీ కలిపేసింది. "మంచి చెప్పడానికి రెండు గదులెందుకనీ?" అంది. ఇటువైపు తల్లిదండ్రులు కొందరు మతం మారుస్తారేమోనని గొణిగారు. అటువైపు వాళ్ళు కొందరు మా పిల్లల విశ్వాసం పలచబడుతుందని గొణిగారు. ఇద్దరికీ ఆమె ఒకటే జవాబు చెప్పేది: "వచ్చి వెనక బెంచీలో కూర్చోండి, మీరూ వినండి." ఎవరూ రాలేదు.

లలిత అడిగిన ప్రశ్న

ఏసు తాను చనిపోవడానికి ముందు రోజు రాత్రి తన శిష్యుల కాళ్ళు కడిగాడని క్రైస్తవులు చెప్పుకుంటారు. గురువే వంగి శిష్యుల కాళ్ళు కడగడం. ఆ జ్ఞాపకంగా ఈస్టరుకు ముందు వచ్చే గురువారం నాడు గుళ్ళో ఫాదరుగారు పన్నెండుమంది కాళ్ళు కడుగుతారు. మా బళ్ళో అదే తంతు సెలవులకి ముందు హాల్లో జరిగేది. పన్నెండు కుర్చీలు, పన్నెండుమంది కాథలిక్ ఆడపిల్లలు, ఇత్తడి పళ్ళెం, చెంబు, తెల్ల తువ్వాలు. సిస్టర్ మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కొక్కరి కాళ్ళూ కడిగి తుడిచేది.

ఆ కుర్చీలో కూర్చోవడం పెద్ద గౌరవం. మంచి మార్కులవాళ్ళనీ, మంచి నడతవాళ్ళనీ ఏరేవాళ్ళం. ఏరినట్టు తెలియగానే తల్లులు రాయి పెట్టి ఆ పిల్లల మడమలు రుద్దేవాళ్ళు. గోళ్ళు కత్తిరించి, పౌడర్ అద్ది, కొత్త మేజోళ్ళు తొడిగి పంపేవాళ్ళు. హాలు గుమ్మం దగ్గర మేజోళ్ళు విప్పితే అరటి దూటలా తెల్లగా మెరిసిపోయే పాదాలు. సిస్టర్ కడిగిన నీళ్ళు పళ్ళెంలో పోసినవి పోసినట్టే ఉండేవి, వాటితో మొహం కడుక్కోవచ్చు.

ఆ ఏడు కలిపిన క్లాసులో సిస్టర్ ఈ కథంతా ఎంతో భక్తిగా చెప్పింది. తొమ్మిదో తరగతి. చెప్పడం అయ్యాక మా వైపు నుంచి లలిత చెయ్యి ఎత్తింది. చింతపండు మండీ ఆదినారాయణ శెట్టిగారి అమ్మాయి. మాధవరం నుంచి బస్సులో వచ్చేది. మామూలుగా నోరు విప్పని పిల్ల.

"సిస్టర్, మీరు హాల్లో కడిగేది కడిగిన కాళ్ళే గదా?" అంది.

నేను కళ్ళతో కూర్చోమని సైగ చేశాను. ఆ పిల్ల నన్ను చూడలేదు. ఎగతాళి లేదు ఆ గొంతులో, నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. సిస్టర్ మొహం ముందు ఎర్రబడింది, తర్వాత ఆమె పకపకా నవ్వింది. "ఇన్నేళ్ళుగా కడుగుతున్నా, నాకే తట్టలేదు. ఈ ఏడు మొదటి కుర్చీ నీదేనమ్మాయ్!" అని అక్కడికక్కడే ప్రకటించేసింది. కాథలిక్ కాని పిల్లకి ఆ కుర్చీ దక్కడం అదే మొదలు. లలిత మొహం వెలిగిపోయింది. క్లాసు చప్పట్లు కొట్టింది, నేనూ కొట్టాను.

మంచి టీచర్లు చేసే తప్పు ఇలాగే ఉంటుంది, జాగ్రత్తగా చూడండి. పిల్ల ఒక ప్రశ్న అడిగింది. మనం దానికి బహుమతి ఇచ్చేశాం. ఆ ప్రశ్న ఎక్కడి నుంచి వచ్చిందో మాత్రం ఎవరమూ అడగలేదు.

టీసీ

రెండు రోజుల తర్వాత లలిత కళ్ళు వాచిపోయి వచ్చింది. వరండాలో పట్టుకుని అడిగాను.

"నాయన ఒప్పుకోలే టీచర్. ఆ దినం బడికే పోబాకన్నాడు. నేను పోతానన్నా. సిస్టర్‌కి మాటిచ్చినానన్నా. ఎదురు మాట్లాడతా ఉండావా, పోయేదైతే ఇంక టీసీ తీసేసుకోవాల్సిందే అన్నాడు."

"నువ్వేమన్నావు?"

"తీసుకో పో అన్నా టీచర్," అని భోరుమంది.

టీసీ అంటే ఇంకో బడి అని బయటివాళ్ళు అనుకుంటారు. ఆ ఇంటి సంగతి నాకు తెలుసు, మా ఇల్లూ అలాంటిదే. వాళ్ళింట్లో అంతవరకూ ఏ ఆడపిల్లా పదో తరగతి పూర్తి చేయలేదు. లలిత చేస్తుందని వాళ్ళమ్మ ఎవరికీ తెలియకుండా ఆశపడుతోంది. టీసీ తీసుకుంటే ఆ పిల్ల వంటింట్లోకి పోయినట్టే, మళ్ళీ బయటికి రాదు.

సిస్టర్ దగ్గరికి పరుగెత్తాను. మతం గొడవే అయ్యుంటుందని ఇద్దరం ఒక్క మాటగా తేల్చేసుకున్నాం. అప్పటికే రెండు మూడు ఇళ్ళల్లో ఆ గొణుగుడు విన్నవాళ్ళం కదా.

"లలిత పేరు తీసేద్దాం సిస్టర్. గొడవ వదిలిపోతుంది," అన్నాను.

ఆమె చెంచా తిప్పుతూ చాలాసేపు ఆలోచించింది. "ఆ పిల్లని అడక్కుండా కుర్చీలో వేశాం. అడక్కుండా తీసేద్దామంటావా? ఆయన్ని పిలిపించు. నేను మాట్లాడతా," అంది.

చెప్పులు బయట వదిలిన మనిషి

ఆదినారాయణ శెట్టిగారు మరునాడు వచ్చాడు. తెల్ల పంచె, నుదుట బొట్టు, చొక్కా జేబులో పెన్ను. ఆఫీసు గుమ్మం దగ్గర ఆగి చెప్పులు విప్పాడు. హెడ్‌మిస్ట్రెస్ ఆఫీసులోకి ఎవరూ చెప్పులు విప్పి రారు. గుళ్ళోకి వచ్చినట్టు కుడికాలు ముందు పెట్టి వచ్చాడు. నేను చూశాను గానీ దాని అర్థం అప్పుడు నాకు తట్టలేదు.

"కూర్చోండన్నా," అన్నాను.

"పరవాలేదు టీచరమ్మా. నిలబడే ఉంటా."

సిస్టర్ రాత్రంతా తయారు చేసుకున్న ఉపన్యాసం మొదలుపెట్టింది. ఇది జ్ఞానస్నానం కాదండీ. నీళ్ళు పోసినంత మాత్రాన ఎవరూ క్రైస్తవులైపోరండీ. మా బళ్ళో ఇన్నేళ్ళుగా ఎవరి మతం జోలికీ పోలేదండీ. ఆయన బుద్ధిగా విన్నాడు. మధ్యలో ఒకసారి నా వైపు అయోమయంగా చూశాడు. ఆమె ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు చేతులు జోడించాడు.

"అమ్మా, మతం మాట నేనేడ ఎత్తినాను? మీరు సన్యాసం తీసుకునిన తల్లి. పెండ్లీ పిల్లకాయలూ అన్నీ ఒదులుకొని ఇంతమందికి చదువు చెప్తా ఉండారు. అట్టాంటి మీరు మా బిడ్డ కాళ్ళు పట్టుకుంటే మేము బాగుపడతామా? ఆయుష్షు తగ్గిపోదా దానికి? మా ఇంట్లో పెద్దోళ్ళ కాలు పొరపాటున తగిల్తేనే కండ్లకద్దుకుంటాం. ఈడ మీరు నేలమింద కూర్చోని... వద్దమ్మా. నా మాట కాదనబాకండి."

సిస్టర్ రాత్రంతా దాచుకున్న జవాబుల్లో ఒక్కటీ ఈ మనిషికి పనికిరాలేదు. ఆయన ఆమె మతానికి భయపడలేదు. ఆమెకు అపచారం జరుగుతుందనీ, ఆ పాపం బిడ్డకు చుట్టుకుంటుందనీ భయపడ్డాడు. మేమిద్దరం ఆయన్ని ఎంత చిన్నగా ఊహించుకున్నామో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

"కడిగితే నేను తగ్గిపోతానని కాదండీ," అంది సిస్టర్ నెమ్మదిగా. "తగ్గాలనే కడిగేది."

"మీరు తగ్గొచ్చమ్మా, అది మీ గొప్ప. కడిగించుకొనేది మా బిడ్డ గదా. మోయాల్సింది అది."

ఈ మాటకి జవాబు కోసం నేను అనేకసార్లు ఆలోచించాను, ఇప్పటికీ దొరకలేదు. సిస్టర్ మాత్రం, బడి పెద్దలా కాక పక్కింటావిడలా అడిగింది:

"అయితే ఎవరి కాళ్ళు కడగొచ్చండీ మీ ఇళ్ళల్లో?"

"గురువులవి. పెండ్లిలో అల్లుడివి. తల్లీదండ్రులవి. అది పుణ్యం గదమ్మా."

"మీ అమ్మగారు ఉన్నారా?"

"ఉండాది. మోకాళ్ళు పోయినాయి, ఒంగలేదు. చక్కెర జబ్బు గూడా. కాళ్ళు పగిలి పుండ్లు. దినామూ కడిగి మందు పెట్టాల."

"ఎవరు కడుగుతారు?"

"మా లలితే," అన్నాడాయన. అని ఒక్క క్షణం ఆగి, "ఆడబిడ్డ పని గదమ్మా," అని చేర్చాడు.

నాకు అప్పుడు అర్థమైంది, ఆ పిల్ల ప్రశ్న ఎక్కడి నుంచి వచ్చిందో. రోజూ పొద్దున నాయనమ్మ పుండ్ల కాళ్ళు కడిగి బస్సెక్కే పిల్లకి మా హాల్లో తంతు ఎలా కనబడి ఉంటుంది!

ఇక్కడ సిస్టర్ వదలదనుకున్నాను. ఆమెకు ఇలాంటి సందు దొరికితే ఉపన్యాసం దంచేది. "పుణ్యమని మీరే అన్నారు కదా, మరి మీరెందుకు కడగరు?" అని నా నోట్లోనే తిరుగుతోంది. ఆమె ఒక్క మాట అనలేదు. ఆయా చేత కాఫీ తెప్పించింది, ఆయన కూర్చునేదాకా తాను నిలబడింది. కాఫీ తాగుతున్నంతసేపూ ఆయన తలెత్తలేదు. నా ఉద్యోగంలో నేను చూసిన గొప్ప పాఠం అదే. ఎక్కడ ఆపాలో ఆమెకు ఆ రోజు తెలిసింది. అమ్మాయిలూ, మాట్లాడటం మీకు ట్రైనింగులో నేర్పుతారు. ఇది నేర్పరు.

తర్వాత లలితని పిలిపించి, అడగవలసిన ప్రశ్న అప్పుడు అడిగింది. "మీ నాన్నగారు చెప్పింది సబబుగానే ఉంది తల్లీ. నేనూ తొందరపడ్డా. నీకేం చెయ్యాలనుంది?"

లలిత తండ్రి వైపు చూసింది. "నేను నీళ్ళు పోస్తా సిస్టర్. మీరు కడగండి," అంది.

"దానికేం, నీళ్ళు పొయ్యి," అన్నాడు ఆదినారాయణ శెట్టిగారు. టీసీ మాట ఎవరూ ఎత్తలేదు. వెళ్ళేటప్పుడు సిస్టర్‌కి వంగి దండం పెట్టాడు. ఆమె గబుక్కున రెండడుగులు వెనక్కి వేసింది. ఎవరి భయం వాళ్ళది.

మట్టి నీళ్ళు

ఆ ఏడు సిస్టర్ ఎవరినీ ముందుగా ఏరలేదు. పీటీ పీరియడ్‌లో ఖోఖో ఆడుతున్న గుంపులోంచి చేతికందిన పన్నెండుమందిని అలాగే హాల్లోకి రమ్మంది. బూట్లు విప్పి ఆడిన కాళ్ళు, మోకాళ్ళ దాకా ఎర్రమట్టి. ఒకమ్మాయి బొటనవేలికి దెబ్బ కూడా తగిలి ఉంది. తల్లులు చూస్తే మూర్ఛపోయేవాళ్ళే. పిల్లలు సిగ్గుతో కాళ్ళు కుర్చీ కిందికి ముడుచుకున్నారు. వెనక వరసల్లో నవ్వులు.

లలిత చెంబు పట్టుకుంది. రెండో కుర్చీకే పళ్ళెంలో నీళ్ళు బురదైపోయాయి. నీళ్ళు మార్చడానికి ఆయా పరుగులు. సిస్టర్ వేళ్ళ సందుల్లో మట్టి రుద్దుతుంటే చక్కిలిగింతలకి ఒక పిల్ల కిసుక్కుమంది. దెబ్బ తగిలిన వేలు దగ్గర లలిత చెంబు వంచడం ఆపి, "సిస్టర్, ఆడ రుద్దబాకండి, నొస్తాది. అట్నే నీళ్ళు పోనియ్యండి," అని మెల్లగా చెప్పింది. సిస్టర్ చెప్పినట్టే చేసింది. అప్పటికి నవ్వులు వాటంతటవే ఆగిపోయాయి. తెల్ల తువ్వాలు మళ్ళీ పనికిరాలేదు, ఆ మరకలు ఎన్ని ఉతుకులకీ పోలేదు.

తర్వాత గుళ్ళో ఫాదరుగారు ఇదేం పద్ధతని సిస్టర్‌ని మందలించారని విన్నాను. ఆమె నాకు చెప్పలేదు. ఆ మధ్యాహ్నం మాత్రం గోంగూర రెండు చెంచాలు పడింది.

సెలవుల తర్వాత

ఈస్టరు సెలవులైపోయి పరీక్షలకి బడి తెరిచారు. మొదటి రోజు లలిత స్టాఫ్‌రూమ్ గుమ్మంలో నిలబడి ఉంది. ఏదో చెప్పాలని వచ్చి చెప్పలేక రిబ్బను కొస నలుపుతోంది.

"ఏమే? ఇంట్లో మళ్ళా గొడవా?"

"ఇల్లె టీచర్, గొడవేం లేదు. నిన్న నాయన అవ్వ కాళ్ళు కడిగినాడు."

నేను లేచి బయటికి వచ్చాను. "మీ నాయనా?"

"ఆమా టీచర్, నాయనే. మండీ నుంచి వచ్చినాడు, చొక్కా విప్పేసినాడు, వేణ్ణీళ్ళు తెమ్మన్నాడు. ఎంత వేడి ఉండాలో తెలీదు ఆయనకి. నేను చన్నీళ్ళు కలిపిస్తిని. పుండు కాడ ఎట్టా పొయ్యాలో చూపిస్తిని. సరి సరి అన్నాడు."

"మీ అవ్వ?"

"ఒద్దురా నాయనా అని కాలు ఎనక్కి లాక్కునింది. ఏడ్చింది గూడా. నాయన ఏమీ అన్లే. ఆడే నేల మింద కూర్చోనే ఉండాడు. నీళ్ళు చల్లారిపోతే నేను మళ్ళా వేడి చేసి తెస్తిని. శానాసేపటికి అవ్వే కాలు చాపింది."

"చాపి ఏమన్నది?"

లలిత రిబ్బను కొస వదిలేసింది.

"ఏమీ అన్లే టీచర్. అది కడగడం అయినాక, రెండో కాలు గూడా ముందుకు పెట్టింది."